బండి కొనువాని స్వేచ్ఛ

అంగడిలో వస్తువు కొనువానికి స్వేచ్ఛ ఉండవలెనని ఎల్లరును ఒప్పుకొందురు. ఆ స్వేచ్ఛకు ప్రభుత్వము హద్దులు పెట్టవచ్చునా, పెట్టినచో ఎంతవరకు పెట్టవచ్చును అను ప్రశ్న వచ్చునప్పటికి మాత్రము అభిప్రాయములు రెండు పాయలుగా చీలిపోవును. నా డబ్బు, నా బండి, నడుమ సర్కారుకు పని యేమి అనునది ఒక పాయ. ప్రజల మేలు ప్రజలకంటె ప్రభుత్వమునకే బాగుగా తెలియును అనునది రెండవ పాయ. ఈ రెండు వాదములను శాస్త్రగ్రంథములలోని సూత్రములతో తూచుటకంటె, మన దేశమున డెబ్బది యేండ్లకు పైగా నడచిన మోటారు కార్ల కథతో తూచుట మేలు. ఏలయన ఈ ఒక్క వస్తువు విషయమున మన ప్రభుత్వము దాదాపు అన్ని రకముల నియంత్రణలను ప్రయోగించి చూచినది. వాటి ఫలితములు మన కన్నుల యెదుటనే ఉన్నవి.

మొదట చరిత్ర. 1920 దశాబ్దిలోనే ఫోర్డు, జనరల్ మోటార్సు అను అమెరికా సంస్థలు మన దేశమున శాఖలు తెరచి, విడిభాగములను ఓడలలో తెప్పించి, ఇచ్చట బిగించి అమ్ముచుండెను. 1942లో బిర్లాల హిందుస్థాన్ మోటార్సు, 1944లో వాల్‌చంద్ హీరాచంద్ ప్రీమియర్ ఆటోమొబైల్సు స్థాపితమైనవి. మద్రాసులో స్టాండర్డు కార్ల సంస్థ వెలసినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1951లో పార్లమెంటు పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టమును చేసినది. ఎవడు యే వస్తువును ఎంత తయారు చేయవలెనో నిర్ణయించు అధికారము ఆ చట్టముతో ఢిల్లీకి దక్కినది. 1953లో టారిఫ్ కమీషను చేసిన సిఫారసుల మేరకు, విడిభాగములను ఇచ్చటనే తయారు చేయుటకు సిద్ధపడని సంస్థలకు తలుపులు మూసుకొనిపోయినవి. అమెరికా సంస్థలు రెండును కొలది కాలములోనే మూట కట్టుకొని వెళ్లిపోయినవి. మిగిలినవి ప్రధానముగా మూడు కార్లు: అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు. మూడు దశాబ్దుల పాటు భారతీయుడు కారు కొనదలచినచో ఈ మూడింటిలో ఒకదానిని కోరుకొనవలసినదే.

ఆనాటి పాలకులను తేలికగా నిందించుట న్యాయము కాదు. అప్పటికి దేశమున ఉక్కు కొరత, సిమెంటు కొరత. 1957 నాటికి విదేశీ మారకద్రవ్యము అడుగంటినది. ఉన్న కొద్ది డాలర్లతో ధాన్యము దిగుమతి చేసుకొనవలెనా, ఆనకట్టలకు యంత్రములు తెప్పించవలెనా, లేక కలవారి విహారమునకు కార్లు తెప్పించవలెనా అని ప్రశ్నించుకొన్నప్పుడు, కారు చివరి వరుసలో నిలుచుట సహజము. లారీలకు, బస్సులకు, ట్రాక్టర్లకు ముందు చోటిచ్చి, కారును విలాసవస్తువుగా ఎంచిన ఆ నిర్ణయములో ఒక ధర్మము ఉన్నది. దేశీయ పరిశ్రమ వేళ్లూనవలెనను ఆశయమును గూడ కాదనలేము. విడిభాగముల తయారీలో ఆనాడు మనవారు నేర్చిన పనితనము తరువాతి తరమునకు పునాది ఐనది.

కాని తాత్కాలికముగా కట్టిన కంచె శాశ్వతమైనప్పుడు లోపలి మొక్కకు ఏమగునో చూడవలెను. 1957–58 ప్రాంతమున వచ్చిన అంబాసిడరు, ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారునకు మన దేశపు రూపము. ఇంగ్లండులో ఆ రూపము త్వరలోనే కనుమరుగైనది. ఇచ్చట అది 2014 మే నెలలో ఉత్తరపాడా కర్మాగారము ఆగువరకు, చిన్న చిన్న మార్పులతో అదే ఆకారమున వెలువడుచు వచ్చినది. ఇటలీ నుండి వచ్చిన ఫియట్టు 1100 కారు 1970 దశాబ్దిలో పద్మిని అను పేరు దాల్చి, శతాబ్దాంతము వరకు సాగినది. ఇవి గట్టి బండ్లు కావని యెవరును అనరు. గతుకుల బాటలలో, పల్లె మెకానికు చేతులలో, పెండ్లివారి సామాను నెత్తిన మోయుచు అవి చేసిన సేవను మరువరాదు. ఐనను, చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షము అన్నట్లు, పోటీ లేని చోట పొందిన కీర్తి యెంతటిదో ఆలోచింపవలెను. కొనువాడు వేరొక దుకాణమునకు పోలేడని తెలిసిన అమ్మకందారునకు, తలుపు సరిగా పడుచున్నదా, వాన నీరు లోనికి కారుచున్నదా అను చింత ఎందులకు కలుగవలెను?

నియంత్రణ తయారీతో ఆగలేదు. 1959లో కార్ల పంపిణీకి, 1960లో స్కూటర్ల పంపిణీకి వేరువేరు ఉత్తర్వులు వచ్చినవి. ఎవరికి ముందు, ఎవరికి వెనుక అనునది గూడ ప్రభుత్వ నిర్ణయమే. ప్రభుత్వోద్యోగులకు కోటా, డాలర్లు పంపగల బంధువు విదేశములలో ఉన్నవానికి వేరు వరుస, ఏ అండయు లేనివానికి నిరీక్షణ. 1969లో కార్ల ధరలను గూడ ప్రభుత్వమే నిర్ణయించుటతో తగవు సుప్రీంకోర్టు వరకు నడచినది. కారు సంగతి అటుండనిండు. అది ధనికుని చింత. స్కూటరు మాత్రము గుమాస్తాకు, బడిపంతులుకు, చిన్న వ్యాపారికి కావలసిన బండి. డబ్బు కట్టి సంవత్సరముల తరబడి, ఒక్కొక్కచో పది సంవత్సరముల వరకు, దాని కొరకు వేచియున్నవారు కలరు. నిరీక్షణ ముగిసి బండి చేతికి వచ్చిన దినముననే దానిని హెచ్చు ధరకు అమ్మివేయువారును కలరు. ప్రభుత్వము ధరను అదుపులో పెట్టితిననుకొనినది. ధర మాత్రము గుమ్మము దాటి వీధిలోనికి పోయినది.

ఈ విధానమునకే రాజాజీ లైసెన్సు, పర్మిట్, కోటాల రాజ్యమని పేరు పెట్టెను. ఆయన 1959లో స్వతంత్ర పార్టీని నెలకొల్పినప్పుడు దానికి తొలి అధ్యక్షుడైనవారు మన ఆచార్య ఎన్.జి. రంగా. నాడు ఆ పార్టీ వాదమును కలవారి వాదమని తోసిపుచ్చినవారు అనేకులు. రైతుబిడ్డయైన రంగా ఆ వాదమునకు ఏల తలయొగ్గెనో ఆలోచించినవారు కొందరే. పర్మిటు కొరకు ఢిల్లీలోని కచ్చేరీల చుట్టు తిరుగగల శక్తి పెద్ద పారిశ్రామికునకు ఉండును, చిన్నవానికి ఉండదు. కనుక కలవారిని అదుపు చేయుటకని పెట్టిన పర్మిటు తుదకు కలవారికే కోటగోడ యైనది. కొత్తవాడు లోనికి రాలేడు, పాతవాడు బయటకు పోనక్కరలేదు.

కోట గోడకు మొదటి బీటను ప్రభుత్వమే పెట్టుట ఈ కథలోని వింత. 1981లో ప్రభుత్వ సంస్థగా మారుతీ ఉద్యోగ్ ఏర్పడినది. 1982లో జపాను దేశపు సుజుకీతో ఒప్పందము జరిగినది. 1983 డిసెంబరు 14వ తేదీన మొదటి మారుతీ 800 కారు వెలువడినది. దాని ధర సుమారు 50,000 రూపాయలు. పదివేల రూపాయలు ముందుగా కట్టి పేరు నమోదు చేసుకొనుడని ప్రకటింపగా లక్షమందికి పైగా ముందుకు వచ్చిరి. అంతకు ముందు దేశమంతటను ఏడాదికి తయారగుచుండిన కార్లు యేబది వేలైనను లేవని జ్ఞప్తికి తెచ్చుకొనినచో, ఆ సంఖ్య యొక్క అర్థము బోధపడును. మూడు దశాబ్దులుగా జనులు కారు కోరలేదనునది అబద్ధము. కోరినవారికి త్రోవ లేకుండెను. ఐతే అప్పటికిని తలుపు పూర్తిగా తెరువబడలేదు. 1991లో అనేక పరిశ్రమలకు లైసెన్సులు రద్దయినను, కారు ఆ జాబితాలో లేదు. దానికి 1993 వరకు ఆగవలసి వచ్చినది. అటుపిమ్మట కొరియా, జపాను, అమెరికా సంస్థలు వరుసగా వచ్చినవి. అనంతపురము సీమలోని పెనుకొండ చెంత కొరియా వారి కియా కర్మాగారమున 2019 నుండి కార్లు తయారగుచున్నవి. కరవునకు పేరుపడిన నేల నుండి ఓడల మీద కార్లు విదేశములకు పోవుచున్నవని చెప్పినచో, 1960లో ఎవ్వరును నమ్మి యుండరు. ఈనాడు దేశమున ఏడాదికి నలుబది లక్షలకు పైగా కార్లు అమ్ముడుపోవుచున్నవి.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, ప్రభుత్వ నియమములన్నియు చెడ్డవే, తీసివేసినచో అంతయు శుభమే అని తేల్చివేయుట సులభము. చాలమంది అట్లే తేల్చుచున్నారు. నేను దానికి సమ్మతింపను. నియమములలో రెండు జాతులు కలవు. ఉపాధ్యాయులకు, విద్యార్థులకు బాగుగా తెలిసిన పరీక్షనే ఉపమానముగా తీసికొందము. పరీక్షకు ఎందరు కూర్చుండవలెనో, వారెవరో ముందుగానే నిర్ణయించి తక్కినవారిని గుమ్మము వద్దనే ఆపివేయుట ఒక జాతి నియమము. ఎవరైనను కూర్చుండవచ్చును, ఉత్తీర్ణులగుటకు ఇన్ని మార్కులు రావలెను అనుట రెండవ జాతి నియమము. మొదటిది ప్రతిభను చంపును. రెండవది ప్రతిభకు కొలబద్ద యగును. లైసెన్సుల కాలములో మన ప్రభుత్వము మొదటి జాతి నియమమును ఉక్కు చేతితో అమలుపరచి, రెండవ జాతి నియమమును దాదాపుగా మరచినది. ఎన్ని కార్లు తయారు కావలెనో లెక్క గట్టిన కచ్చేరీలు, ఆ కారులో కూర్చున్నవాడు ప్రమాదమున బ్రతుకునా అని చాలకాలము అడుగలేదు. ముందు సీట్లకు బెల్టులు అమర్చవలెనను నియమము వచ్చినది 1994లో.

ఈ మరపు వలన కలిగిన కీడు 2014లో బట్టబయలైనది. ఆ యేడాది జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను అంతర్జాతీయ సంస్థ మన దేశమున విరివిగా కనిపించు అయిదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగముతో అడ్డుకట్టకు ఢీకొట్టించి పరీక్షించినది. అయిదింటికిని, పెద్దల రక్షణ విషయమున, ఒక్క నక్షత్రమైనను రాలేదు. అందులో జర్మనీ దేశపు పోలో కారు ఒకటి. ఎయిర్‌బ్యాగులు ఉన్న పోలోను అదే విధముగా పరీక్షింపగా నాలుగు నక్షత్రములు వచ్చినవి. పేరు ఒకటే, బాహ్యరూపము ఒకటే. ఒకదానిలో ప్రాణమునకు రక్షణ ఉన్నది, రెండవదానిలో లేదు. ఆ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని రకమును మన దేశమున అమ్ముట మానివేసినది.

ఇచ్చట ఆగి ఆలోచింపవలెను. అంతకు పూర్వము ఆ కార్లను కొన్నవారికి స్వేచ్ఛ ఉండెనా? దుకాణములు అనేకము, రంగులు అనేకము, వాయిదాల పద్ధతులు అనేకము. కాని ఏ బండి తన బిడ్డలను కాపాడునో, ఏది కాపాడదో తెలియు మార్గము ఒక్కటియు లేదు. తెలియనివాని ఎంపిక ఎంపిక కాదు. అది చీట్లు తీయుట వంటిది. బట్టను చేతితో పట్టి చూడవచ్చును, మామిడిపండును వాసన చూడవచ్చును, ఇనుప రేకు లోపలి బలమును ఏ కొనుగోలుదారు చూడగలడు? మనిషి స్వయముగా పరీక్షింపజాలని గుణము ఎచ్చట ఉండునో, అచ్చట సర్కారు పరీక్షింపవలెను. తూనికరాళ్లపై ప్రభుత్వ ముద్ర ఎందులకు ఉన్నదో, ఇదియు అందులకే. ఈ దృష్టితో చూచినచో, 2019లో డ్రైవరు ఎదుట ఎయిర్‌బ్యాగు తప్పనిసరి యగుట, ప్రక్కనున్నవానికి 2021లో తప్పనిసరి యగుట, 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ అను నక్షత్రముల పరీక్ష అమలునకు వచ్చుట, ఇవి కొనువాని స్వేచ్ఛను కత్తిరించినవి కావు, దానికి కన్నులిచ్చినవి. ఐతే ఈ నక్షత్రముల పరీక్ష నేటికిని తయారీదారుల ఇష్టముపై ఆధారపడినదే. ఇష్టమున్నవాడే పరీక్షకు కూర్చుండుట ఏ బడిలో చెల్లును?

దీనికి ఎదుటివాదము ఒకటి కలదు. అది తేలికగా తోసివేయదగినది కాదు. 2022లో కార్లకు ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేయవలెనని ప్రభుత్వము తలపెట్టినప్పుడు, చిన్న కార్ల తయారీదారులు ఇట్లనిరి: ప్రతి రక్షణ సాధనము ధరను పెంచును, ధర పెరిగినచో, కారు కొనదలచిన సామాన్యుడు స్కూటరు మీదనే ఉండిపోవును, స్కూటరు మీద భార్యాబిడ్డలతో పోవుట, రెండు ఎయిర్‌బ్యాగుల కారులో పోవుటకంటె అపాయకరము కాదా? ఈ వాదములో స్వప్రయోజనము ఉన్నను సత్యము గూడ ఉన్నది. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లు కారాదు. ఆ ప్రతిపాదన మొదట ఒక యేడు వాయిదా పడినది; 2023లో తప్పనిసరి చేయుట లేదని ప్రభుత్వము ప్రకటించినది. కనీస ప్రమాణము అనునది కనీసముగానే ఉండవలెను. దానికి మించిన రక్షణను నక్షత్రముల రూపమున జనులకు తెలిపి, కోరుకొనుటను వారికి విడువవలెను. కనీసము లేనిచో ప్రాణనష్టము, కనీసమును గరిష్ఠముగా మార్చినచో పేదవానికి బండియే దక్కదు. ఈ రెంటి నడుమ గీత గీయుటయే పాలకుల నేర్పు.

బండి కొనువాడు, అమ్మువాడు, ప్రభుత్వము అని మనము ముగ్గురినే లెక్కించుచున్నాము. నాలుగవవాడు ఒకడున్నాడు. అతడు బండి కొనడు. అది పోవు బాటలో నడచును. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించిరి. అందులో 74 వేలకు పైగా ద్విచక్ర వాహనములపై పోవువారు, 32 వేలకు పైగా పాదచారులు. పుస్తకముల సంచి వీపున వేసికొని బడికి నడచిపోవు బాలికకు, ఎదుట వచ్చుచున్న కారు బ్రేకులు ఎట్టివో ఎన్నుకొను అవకాశము ఎవరిచ్చిరి? దాని పొగ ఎంతటిదో నిర్ణయించు హక్కు ఆమెకు ఎచ్చటిది? నా డబ్బు, నా బండి అనువాని వాదము ఇచ్చట కుంటుపడును. బండి నీదే, బాట నీది కాదు, గాలి నీది కాదు. కనుక బ్రేకులకు, పొగకు సంబంధించిన నియమములను కొనువాని స్వేచ్ఛతో ముడిపెట్టుట పొరపాటు. అవి కొననివాని హక్కు.

ఐతే మంచి నియమమును గూడ చెడ్డగా అమలుపరుపవచ్చును. పొగకు సంబంధించిన భారత్ స్టేజి నాలుగవ ప్రమాణము 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలునకు రావలసి ఉండెను. పాత ప్రమాణపు బండ్లను ఆ తేదీ తరువాత తయారు చేయరాదా, లేక అమ్మరాదా అను విషయమున సందిగ్ధము మిగిలిపోయినది. గడువునకు రెండు దినముల ముందు, మార్చి 29న, అమ్మకమును గూడ సుప్రీంకోర్టు నిషేధించినది. అప్పటికి ఎనిమిది లక్షలకు పైగా బండ్లు నిలువ ఉన్నవి. వాటిలో అధికభాగము ద్విచక్ర వాహనములు. రెండు దినములు దుకాణముల ముందు తిరునాళ్లు! కోర్టు చెప్పినది ధర్మమే. ప్రజల ఊపిరి వ్యాపారి నిలువకంటె మిన్న. కాని ఆ ముక్కను ఏండ్ల ముందే స్పష్టముగా చెప్పవలసినవారు చెప్పలేదు. ఆరవ ప్రమాణము విషయమున ప్రభుత్వము మెరుగుగా ప్రవర్తించినది. అయిదవదానిని దాటవేసి 2020 ఏప్రిల్ నుండి ఆరవదానిని అమలుపరతుమని 2016లోనే ప్రకటించినది. తయారీదారులకు నాలుగేండ్ల వ్యవధి దొరికినది. ఆ మార్పుతో చిన్న డీజిలు కార్లు అనేకము అంగడి నుండి తొలగినవి. ఎంపిక ఆ మేరకు తగ్గినమాట నిజము. ఆ తగ్గుదలకు బదులుగా దక్కినది పరిశుభ్రమైన పొగ. ఇది నష్టము కాదు, బేరము. తెలిసి చేసిన బేరము.

ఇక కంటికి కనబడని నియంత్రణ ఒకటి ఉన్నది. అది పన్ను. 2006 బడ్జెటులో నాలుగు మీటర్లకు మించని పొడవు, చిన్న ఇంజను గల కార్లకు ఎక్సైజు సుంకమును నూటికి 24 నుండి 16కు తగ్గించిరి. చిన్న బండ్లను ప్రోత్సహించుట ఉద్దేశ్యము. జరిగినదేమి? వెనుక సామాను పెట్టె గల పొడవైన కార్లను సయితము వెనుకభాగము కుదించి, నాలుగు మీటర్ల లోపల ఒదిగించి అమ్మసాగిరి. మనిషికి తగినట్లు చొక్కా కుట్టుటకు మారు చొక్కాకు తగినట్లు మనిషిని కుదించినట్లయినది. వస్తుసేవల పన్ను వచ్చినను ఈ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లకు నూటికి 18, పెద్దవానికి 40. ఈ నియమము ఎవరిని నిషేధింపదు, ఎవరిని ఆజ్ఞాపింపదు. కాని కొనువాడు తన అభిరుచి యనుకొనునది, చాలవరకు, సుంకాధికారి టేపు కొలత. పొడవును బట్టి పన్ను వేయుటకంటె, విడుచు పొగను బట్టి, త్రాగు ఇంధనమును బట్టి వేసినచో, తయారీదారు తన తెలివిని లోకమునకు పనికివచ్చు దారిలో చూపును.

ఈ డెబ్బదియేండ్ల అనుభవము నుండి నాకు తోచిన ధర్మములు మూడు. ఎవరు తయారు చేయవలెను, ఎన్ని తయారు చేయవలెను, ఎవరికి ముందు అమ్మవలెను అను విషయములలో ప్రభుత్వము చేయి పెట్టరాదు. వస్తువు ప్రాణము తీయకుండ, గాలిని చెరుపకుండ ఉండుటకు వలసిన కనీసమును శాసించి, ఆ శాసనమును చాల ముందుగా తెలిపి, ఒకసారి తెలిపిన పిమ్మట వెనుకాడరాదు. ఆ కనీసమునకు పైన ఉన్న తారతమ్యములను దాచక ప్రజలకు తెలుపవలెను. తీర్పు ప్రజలకు విడువవలెను. ప్రభుత్వము తలుపు వద్ద కావలి కాయుట మాని, తక్కెడ వద్ద నిలువవలెను.

విద్యార్థులకు ఒక మాట. పౌరశాస్త్రములో హక్కులు, బాధ్యతలు అని రెండు పట్టికలను మీరు వల్లించుచుందురు. అవి పుస్తకములోనే ఉండునవని తలపకుడు. రేపు మీరు సంపాదనపరులై బండి కొనబోయినప్పుడు, అమ్మకందారు రంగును గురించి, పాటల పెట్టెను గురించి చాల చెప్పును. ఢీకొన్నచో ఏమగును, బ్రేకు వేసినచో ఎంత దూరమున ఆగును అని మీరు అడుగుడు. అడుగువారు పెరిగిన కొలది చెప్పక తప్పనివారు పెరుగుదురు. అడుగుట నేర్వని జనులకు ఎన్ని బండ్లు ఉన్నను దక్కు స్వేచ్ఛ స్వల్పమే.